అవ్వ విన్న గొంతు

రేడియోలో పాడాలంటే ముందు ఉత్తరం రాయాలని, వాళ్లు పిలిస్తే పోయి గొంతు పరీక్ష ఇవ్వాలని మాకు చెప్పింది మా ఊరి బడి పంతులమ్మ. అప్పటిదాకా రేడియోలో పాడేవాళ్లు అందుకోసమే ఎక్కడో పుట్టి ఉంటారనుకునేదాన్ని.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. మాది కరీంనగర్ జిల్లాలో మానేరు ఒడ్డున సాలెవాడ. మా నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు మగ్గం నేసేవాడు. అవ్వ, అక్క రాట్నాల ముందు కూచుని కండెలు చుట్టేవాళ్లు. చుడుతూ ఒక పాట పాడేవాళ్లు. అత్తగారింట్లో ఉన్న బిడ్డను చూడడానికి తల్లి పోయినప్పటి పాట అది. తల్లి ఒకటి అడుగుతుంది, బిడ్డ ఒకటి చెబుతుంది. అడిగేవన్నీ అవ్వ పాడేది. జవాబులు అక్కవి. నేను పక్కన నూలు చిక్కు తీస్తూ వినేదాన్ని.

అక్కకు పెళ్లి కాలేదు. ఒక చలికాలం జ్వరం వచ్చి చనిపోయింది. ఆ తర్వాత ఆమె రాట్నం ముందు నేను కూచున్నాను. అవ్వ మాత్రం మళ్లీ నోరు తెరిచి పాడలేదు.

బడిలో ఒకనాడు తల్లి మాటలు, బిడ్డ మాటలు రెండూ నేనే పాడుతుంటే పంతులమ్మ విన్నది. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది.

"ఆడివిల్ల రేడియోల పాడుడేంది పంతులమ్మా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు బాపు.

"మొఖం ఎవ్వలకు కనబడతది? గొంతొక్కటే పోతది," అన్నది ఆమె.

ఆ మాటతో బాపు ఒప్పుకున్నాడు. పంతులమ్మ తన ఇంట్లో తలుపులు మూసి, గూట్లో ఒక చెంబు పెట్టి, దాన్ని చూస్తూ పాడమనేది. "మైకు గిట్లనే కదలకుంట ఉంటది. దగ్గరికి పోకు, దూరం జరగకు. నువ్వు ఊపిరి పీల్చినా అది వింటది."

పిలుపు వచ్చాక బాపు నన్ను బస్సులో హైదరాబాదు తీసుకుపోయాడు. ఆయనను బయటి బల్ల మీద కూచోబెట్టి నన్ను ఒక్కదాన్నే లోపలికి పంపారు. దళసరి తలుపు నా వెనక మూసుకున్నది. దానితోపాటు చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. గోడల నిండా చిన్న చిన్న రంధ్రాల అట్టలు. గొంతు సవరించుకుంటే ఆ సవరింపు నోటి ముందే చచ్చిపోయింది. మగ్గం చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని, అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరుగను. అద్దం అవతల ఇద్దరి పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. ఎర్రదీపం వెలిగింది.

పాడాను. ఒక్కొక్క మాట నా నోట్లోంచి పోయి గోడలో ఇంకిపోయినట్టుండేది. తల్లి మాట అడిగి, బిడ్డ జవాబు ఎత్తుకునేలోపు చిన్న ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా నా వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు తోచింది. తిరిగి చూద్దామంటే, కదలొద్దన్న మాట గుర్తొచ్చింది.

అయ్యాక కార్యక్రమాలు చూసే ఆయన అద్దం అవతలికి పిలిచి టేపు వినిపించాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఏమ్మా, నీ గొంతు నువ్వెప్పుడూ విననట్టుందే? కొత్తవాళ్లందరూ ఇలాగే బెదిరిపోతారు. మనకి లోపల వినపడేది వేరు, బయటికి వినపడేది వేరు," అన్నాడు.

అది కాదు నా భయం. ఆ టేపులో అడుగుతున్నది ఎవరో కొత్త మనిషి. జవాబు చెబుతున్నది మాత్రం మా అక్క. బాపుతో ఆ మాట అనలేదు.

పరీక్షలో నెగ్గానని, ఆ టేపునే రేడియోలో వేస్తామని ఉత్తరం వచ్చింది. పాట వచ్చే సాయంత్రం వాడకట్టంతా పంచాయతీ రేడియో ముందు చేరింది. నేను అవ్వ పక్కనే కూచున్నాను. డబ్బాలోంచి పాట మొదలుకాగానే ఒక ముసలామె నా గొంతు మీద అరచెయ్యి పెట్టి చూసింది. "గీడ ఉల్కు లేదు పలుకు లేదు. మరి గా పాడేదెవ్వలే?" అన్నది. ఎవరూ నవ్వలేదు.

అవ్వ నావైపు చూడనే లేదు. "మా పెద్దబిడ్డ," అన్నది మెల్లగా. పాట అయిపోయాక, "మళ్ల ఎప్పుడొస్తదట?" అని నన్నే అడిగింది.

"అవ్వా, పాడింది నేనే."

"నువ్వు గీడనే ఉంటివి గద బిడ్డా."

ఆ రోజు నుంచి అవ్వ రోజూ పొద్దుగూకే వేళకు పంచాయతీ అరుగు మీద పోయి కూచునేది. వార్తలు, వానల కబుర్లు, పంటల ముచ్చట్లు అన్నీ వినేది. ఇంటికి వచ్చి, "ఇయ్యాల రాలే," అనేది.

మళ్లీ నాకు పిలుపు వచ్చింది. పోనన్నాను. అవ్వే నా బట్టలు మూటగట్టింది. "పో బిడ్డా. నువ్వు గీడ ఉంటే అది వస్తలేదు."

బస్సులో దారి పొడుగునా ఆ మాటే నా పక్కన కూచున్నది.

ఈసారి టేపు లేదు. పాడుతుండగానే ఊళ్లకు పోతుందన్నారు. ఎర్రదీపం వెలిగింది. తిండి గురించి తల్లి అడిగింది, బిడ్డ చెప్పింది. చీర గురించి అడిగింది, చెప్పింది. తర్వాతి మాటకు ఊపిరి పీల్చుకుంటుండగా నా మెడ వెనక జిల్లుమన్నది. "లేదవ్వా" అన్నది నా నోరు. ఆ వెంటనే పాట అందుకున్నాను.

"ఆ 'లేదవ్వా' ఎక్కడిదమ్మా? మొన్న లేదే?" అన్నాడు ఆయన తర్వాత.

"తెల్వదు సార్," అన్నాను. నిజంగానే తెలియదు.

ఊళ్లో బస్సు దిగేసరికి పంతులమ్మ ఎదురొచ్చింది. ఎప్పుడూ చెయ్యి పట్టుకుని మాట్లాడే మనిషి కాస్త దూరంగానే నిలబడింది.

"నిన్న నీ పాట నడుమ మీ అవ్వ లేచి రేడియో కాడికి పోయింది. 'ఇంకా చలి పెడుతుందా బిడ్డా?' అని అడిగింది. 'లేదవ్వా' అని వచ్చింది రేడియోలకెల్లి. అందరం విన్నం. నువ్వు కావాల్ననే అన్నవా?"

అక్క పోయిన రోజున ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పినా వణుకు ఆగలేదు. చలి అవ్వా, చలి అంటూనే పోయింది. ఆ సంగతి నాకూ, అవ్వకూ, బాపుకూ తప్ప ఎవరికీ తెలియదు. పంతులమ్మను అక్కడే వదిలి గబగబా నడిచాను.

ఇంటికి పోయేసరికి అవ్వ పొయ్యి ముందు కూచుని ఉంది. ముఖం తేటగా ఉంది. అక్క మీద కప్పిన బొంత ఒకటి అన్నాళ్లూ దూలానికి వేలాడుతుండేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. దాన్ని పక్కింటి బాలింతకు ఇచ్చేసిందట. మళ్లీ పంచాయతీ అరుగు మీదికి పోలేదు.

నేను చాలా ఏళ్లు రేడియోలో పాడాను. ఆ పాట కావాలని ఎన్నోసార్లు అడిగారు. మరిచిపోయానని చెప్పేదాన్ని. ఒకసారి నాట్ల పాట టేపు చేయించుకుని వచ్చి, "ఇయ్యాల నేను పాడుతున్న, విందువు రా," అని అవ్వను బలవంతాన తీసుకుపోయాను. ఆమె చెయ్యి పట్టుకునే కూచున్నాను. పాట మొదలైంది. అవ్వ కొంచెంసేపు విని, నా ముఖంలోకి చూసింది.

"గిది నువ్వే బిడ్డా," అన్నది.