జెలటిన్ దిమ్మలో ఎముక ఉండదు

మా బావగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున ప్లేనో నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, డాడీ ఇంక లేరు. బ్రేక్‌ఫాస్ట్ చేశారు, పేపర్ చదివారు, రిక్లైనర్‌లో కళ్ళు మూసుకున్నారు. నిద్రపోతున్నారు అనుకున్నా" అంది. ఎనభై ఏడేళ్ళ మనిషి. చివరిదాకా చేతులు వణకలేదు. సర్జన్‌కి అంతకన్నా ఏం కావాలోయ్ అని ఆయనే అనేవారు కాబట్టి నేనూ అదే అనుకుని ఓదార్చుకుంటున్నాను. అది చాలడం లేదు.

ఆయన చేసిన ఆపరేషన్ల గురించి, పెట్టిన భోజనాల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒక జింక గురించి చెప్తాను.

డెబ్బైలలో బావగారు వయోమింగ్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో చేరారు. ఊరు మొత్తానికి తెలుగువాళ్ళు ఇద్దరే, ఆయనా మా అక్కా. వాళ్ళిద్దరికీ మాటల్లేని రోజున ఆ ఊళ్ళో తెలుగే ఉండేది కాదు. సెప్టెంబరు వచ్చిందంటే అక్కడ అందరి నోటా వేట మాటే. రెండేళ్ళు ఆయన తల ఊపుతూ విన్నారు. మూడో ఏడు పశువులు పెంచే ఒక రాంచర్ ఆయన చేతికి రైఫిల్ ఇచ్చి భుజానికి ఎలా ఆనించాలో నేర్పాడు. బావగారు గాల్‌బ్లాడర్ తీసిన పేషెంటే అతను. బయటి ఊళ్ళ వేటగాళ్ళకి గైడ్‌గా కూడా పనిచేసేవాడు. అక్క మొదట్లో వేటమాంసాన్ని గరాజ్ దాటి రానిచ్చేది కాదు. తర్వాత వేపుడు మొదలుపెట్టాక, ఉప్పు చూసే వంకతో సగం గిన్నె ఆవిడే ఖాళీ చేసేది.

బావగారికి వేటలోనూ ఆపరేషన్ థియేటర్ పద్ధతులే. రెండు వందల గజాలు దాటితే ట్రిగ్గర్ ముట్టుకోరు. చొక్కా జేబులో, పెన్ను పెట్టుకునే చోట, ఒకే ఒక్క తూటా పెట్టుకునేవారు. మిగతావి ట్రక్కులో వదిలేసేవారు. "రెండోది ఉందని తెలిస్తే మొదటిదాన్ని అశ్రద్ధగా వాడతామోయ్" అనేవారు. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గైడ్ కూడా తన దగ్గరికొచ్చే వేటగాళ్ళకి అదే అప్పజెప్పేవాడు.

నేనేమో నెబ్రాస్కాలో ఒక చిన్న తూటాల కంపెనీలో మెటలర్జిస్టుని. చదివిన చదువుకి దొరికిన ఉద్యోగం అది. ఎనభైల మొదట్లో ఒక కొత్త తూటా తయారుచేశాను. లోపల సీసం, పైన పల్చటి రాగి తొడుగు. దూరంలో ఉన్న జంతువుకి తగిలినప్పుడు కూడా పువ్వులా విచ్చుకోవాలని తొడుగు అంత పల్చగా చేశాను. కండకి బదులుగా పరీక్షల్లో వాడే జెలటిన్ దిమ్మల్లోకి పేల్చి, కోసి, కొలిచి, ఫోటోలు తీసి మేనేజర్ ముందు పెట్టాను. ఆయన మురిసిపోయాడు. తూటాల డబ్బాల మీద బొమ్మ కూడా అచ్చుకి వెళ్ళింది. ఇక మిగిలింది నిజమైన వేటలో ఒక పరీక్ష. నా గ్రీన్‌కార్డ్ కాగితాలు కూడా ఆ మేనేజర్ బల్ల మీదే ఉన్నాయి. ఈ తూటా నిలబడితే నేనూ నిలబడతాను.

వయోమింగ్‌వాడిని కాదు కాబట్టి నాకు వేట లైసెన్స్ లేదు, బావగారికి ఉంది. కంపెనీ ఆ గైడ్‌నే మాట్లాడింది. పేల్చేది బావగారు, చూసి రాసుకునేది నేను. తూటా ఎలా పనిచేసిందో గైడ్ కూడా చివర్లో ఒక కాగితం రాసి సంతకం పెట్టాలి.

ఆ ఊళ్ళో యాంటిలోప్ అని పిలిచే జింక మైలు దూరం నుంచే మనిషిని పసిగడుతుంది. అందుకే నా పరీక్షలన్నీ దూరానికే చేశాను. గైడ్ మాత్రం మమ్మల్ని ఎండిన వాగులోంచి గంటసేపు మోకాళ్ళ మీద పాకించి, ఒక మగజింకకి ఎనభై గజాల్లో తేల్చాడు. బావగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఊపిరి వదిలి, పేల్చారు. జింక తూలింది. పడలేదు. మూడు కాళ్ళ మీద పరిగెత్తి, ముళ్ళతీగ కంచె కింద నుంచి దూరి అవతలికి వెళ్ళిపోయింది. ఆ జాతి జింకలు కంచె దూకవు, కింది తీగ కిందనుంచి దూరతాయి.

అవతలి భూమి పక్క రాంచర్‌ది. అడక్కుండా అడుగుపెట్టకూడదు. గైడ్ అనుమతి అడగడానికి ట్రక్కు వేసుకుని వెళ్ళాడు. బావగారి మిగతా తూటాలన్నీ ఆ ట్రక్కులోనే ఉన్నాయి.

మేమిద్దరం కంచె దగ్గర కూర్చున్నాం. మూడు వందల గజాల అవతల సేజ్ పొదల్లో జింక తల వంచుకుని నిలబడి ఉంది, కనబడుతూనే ఉంది. ఖాళీ రైఫిల్ ఆయన ఒళ్ళో ఉంది. ఆయన చెయ్యి ఉత్త చొక్కా జేబు మీదికి రెండుమూడుసార్లు వెళ్ళొచ్చింది.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. "బావా, మీ చెయ్యి కదిలిందేమో?"

ఆయన నావైపు చూశారు. కోపం లేదు. పేషెంటు అబద్ధం చెప్తున్నాడని తెలిసినప్పుడు డాక్టరు చూసే చూపు అది. "చూద్దాంలే" అన్నారు.

గైడ్ అనుమతి తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. జింక దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ట్రక్కులోంచి తెచ్చిన రెండో తూటాతో బావగారు దాని బాధ ముగించారు. తర్వాత చొక్కా చేతులు మడిచి, గైడ్ కాలు ఎత్తిపట్టుకుంటే, మొదటి గాయం తెరిచారు. తగలాల్సిన చోటే తగిలింది, వేలెడు కూడా అటూ ఇటూ లేదు. కానీ నా తూటా జబ్బ ఎముక మీదే ముక్కలు ముక్కలైపోయింది. పైన అరచేయంత గాయం, లోపలికి మాత్రం ఒక్క చిన్న తునక వెళ్ళింది. అంత దగ్గర్లో, అంత వేగంలో, ఆ పల్చటి తొడుగు ఎముకకి ఆగలేదు.

"జెలటిన్ దిమ్మలో ఎముక ఉండదు, బావమరిదీ" అన్నారు తెలుగులో, మెల్లగా.

మళ్ళీ ఆయనే అన్నారు: "నన్ను చూసి నవ్వుకో. ఒక్క తూటా చాలన్న నా సామెత కూడా జెలటిన్‌లో టెస్ట్ చేసిందే. రెండోది జేబులో ఉంటే దానికి ఇన్ని గంటల నరకం ఉండేది కాదు."

ఆ తర్వాత ఆయన మూడు తూటాలు లేకుండా వేటకి వెళ్ళలేదు. అంతమందికి చెప్పిన మాటని అందరిముందూ వెనక్కి తీసుకున్నారు. నేను చూసిన పెద్దమనుషుల్లో అలా చేసినవాళ్ళు తక్కువ.

గైడ్ ట్రక్కు బానెట్ మీద కాగితం పెట్టి నాలుగు వాక్యాలు రాశాడు. పేల్చినాయన చెయ్యి కదిలింది, తూటా తప్పేమీ కనబడలేదు అని. నేను బావగారి వైపు చూశాను. ఆయన తూటా తునకలన్నీ ఏరి, తన డాక్టరు సంచిలో ఎప్పుడూ ఉండే శాంపిల్ డబ్బాలో వేసి మూత బిగిస్తున్నారు. ఆ డబ్బా నా చేతిలో పెట్టారు.

"కాగితం ఒకటి, డబ్బా ఒకటి. సోమవారం ఆఫీసులో ఏది బయటికి తీస్తావో నీ ఇష్టం. ఏది తీసినా వచ్చే ఆదివారం భోజనానికి రావాల్సిందే. రాకపోతే మీ అక్క నన్ను బతకనివ్వదు."

ఆరు గంటలు డ్రైవ్ చేసుకుంటూ ఇంటికొచ్చాను. దారంతా కాగితమే గెలిచింది. సోమవారం మేనేజర్ గదిలో మాత్రం నా చెయ్యి డబ్బా మీదికే వెళ్ళింది. మూత తీసి బల్ల మీద వంపాను. గురి తప్పలేదు, నా లెక్క తప్పింది అని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ తునకల్ని పెన్సిల్‌తో కదిపాడు. అచ్చయిన డబ్బాలు పక్కనపడ్డాయి. నా గ్రీన్‌కార్డ్ కాగితాలు ఆ ఏడాది కదల్లేదు. తొడుగు అడుగున మందం పెంచాం, సీసం గట్టిపరిచాం. ఈసారి దిమ్మలకి ఎముకలు కట్టి, దగ్గర్నుంచీ దూరంనుంచీ పేల్చి చూశాను. మరుసటి శరదృతువులో బావగారు అదే తూటాతో, అంతే దగ్గర్నుంచి కొట్టారు. జింక పది అడుగులు వేసి పడింది. తూటా అవతలి చర్మం కింద దొరికింది, పుట్టగొడుగులా విచ్చుకుని, ఊడకుండా. నా జీవితంలో నేను చేసిన మంచి వస్తువు అదొక్కటే అని ధైర్యంగా చెప్తాను.

ఆరోజే గైడ్‌కి నిజం చెప్పేశాను, పోయినేడు తప్పు మా బావగారిది కాదని. అతను నవ్వాడు. "కాలు పట్టుకుంది నేనేగా, నాకు కనబడలేదా? డాక్టర్ రాయమన్నాడు, రాశాను. ఏడాదిగా ఊళ్ళో బార్బర్ దగ్గర్నుంచి నర్సులదాకా చెయ్యి కదిలిందని ఆయన్ని ఆటపట్టిస్తున్నారు, కిక్కురుమనలేదు" అన్నాడు. బావగారు అక్క కట్టిచ్చిన పులిహోర తింటూ మా మాటలు వినబడనట్టు కూర్చున్నారు.

ఎప్పుడు చెప్పి రాయించారు అని మీకు సందేహం రావచ్చు. జింకని కోసి చూశాక కాదు, ముందే. నేను చెయ్యి కదిలిందేమో అన్న అరగంటకి గైడ్ ట్రక్కు తిరిగొచ్చింది. బావగారు ఎదురెళ్ళి, "చెయ్యి కదిలిందయ్యా, అలాగే రాయి" అన్నారు. నేను విన్నాను. విని ఊరుకున్నాను.

ఆయన వెనక్కొచ్చి కంచె దగ్గర మోకాలు దించారు. రెండు చేతులతో కింది ముళ్ళతీగని పట్టి పైకెత్తారు. నేను బోర్లా పడుకుని దూరుతుంటే చొక్కా వెనక ముల్లుకి తగులుకుంది. ఆయన ఒక చేత్తో తీగ అలాగే పట్టుకుని, రెండో చేత్తో మెల్లగా ముల్లు విడిపించారు.

"వీపు జాగ్రత్తోయ్. ఊఁ, వెళ్ళు. నేను పట్టుకున్నాగా."