ముత్తమ్మ కర్రకు నేను రాసిన మూడు వాక్యాలు

మీరెప్పుడైనా ఒక మనిషిని ఒక్క మాట కూడా అడక్కుండా, ఆ మనిషి గురించి ఊరంతా చదివేలా రాశారా? లేదని అంత తొందరగా చెప్పకండి. నేనూ చాలాకాలం అలాగే చెప్పుకుంటూ వచ్చాను. మూఢత్వం మీద కత్తి దూసినవాణ్ణి, రుజువు లేనిదే నోరు విప్పనివాణ్ణి, ఆ నింద నాకెందుకు వస్తుందనుకునేవాణ్ణి. మొన్న కల్లూరులో ఒక మిత్రుడి ఇంటికి వెళితే ఆయన పాత పుస్తకాల బీరువా తెరిచాడు. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. ఆయన ఏదో పుస్తకం తీసి చూపిస్తున్నాడు గాని నాకు అక్షరాలు కనబడలేదు. భద్రాచలంలో రేకుల కప్పు కింద మూడు గదుల మ్యూజియం కనబడింది. అద్దాల పెట్టెల మూలల్లో తెల్లటి ఉండలు సర్దుతూ వంగి ఉన్న ఎస్తేరు మేడమ్ వీపు కనబడింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె మీకు తెలియదు. తెలియకపోవడానికి కొంత కారణం నేనే కాబట్టి ఇది రాస్తున్నాను.

రెండువేల దశకం మొదటి రోజులు. మాది బోనకల్. డిగ్రీ అయ్యాక ఖమ్మం చుట్టుపక్కల హేతువాద సభల్లో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. నిప్పుల మీద నడిచి చూపించేవాణ్ణి, అరచేతిలో విభూతి రాల్చి ఆ గుట్టు విప్పేవాణ్ణి. చప్పట్లు దండిగా దొరికేవి, జీతం మాత్రం ఎక్కడా దొరకలేదు. భద్రాచలంలో అడవి పల్లెల వస్తువులతో మ్యూజియం పెడుతున్నారనీ, వస్తువుల పక్కన పెట్టే వివరాలు రాయడానికి మనిషి కావాలనీ విని వెళ్ళాను. ఇన్‌ఛార్జి ఎస్తేరు మేడమ్‌కు అప్పటికే యాభై దాటాయి. తల్లాడ ఆవిడ, దవాఖానాలో కాంపౌండరు కూతురు. మెడలో సన్నటి శిలువ, చేతిలో ఎప్పుడూ ఒక తడిగుడ్డ. నన్ను కూర్చోమనలేదు. వెదురుతో అల్లిన చేపల బుట్ట ఒకటి ముందు పెట్టి, "దీని గురించి రాయి తమ్మీ," అంది. నేను విజృంభించాను. ఆదిమ మానవుడి జీవన పోరాటం మొదలుకొని ఉత్పత్తి సంబంధాల దాకా ఒక పేజీ నింపాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఎర్ర కలంతో మొదటి మాట కొట్టేసింది.

"ఆదిమమేంది? నిన్న సంతల కొన్న గిది. అల్లినాయన చేతికి గడియారం గూడ ఉన్నది."

నేను నవ్వలేదు. ఆమె రెండో వాక్యం మీద వేలు పెట్టింది. "గిది నీకెవరు చెప్పిండ్రు?" మూడో దాని మీదా అదే ప్రశ్న. చివరికి పేజీలో మిగిలింది ఒకే ముక్క: వెదురు బుట్ట, వాగులో చేపలు పట్టడానికి. "అల్లినాయన దగ్గరకు పోయి మిగతాది అడిగి రా," అని పంపించింది. పోయి అడిగాను. బుట్ట మూతి ఎందుకు లోపలికి మడిచి ఉంటుందో, ఏ నెలలో వాగుకు ఏ పక్క పెట్టాలో ఆయన గంటసేపు చెప్పాడు. నా పేజీలో లేనివన్నీ ఆ గంటలో ఉన్నాయి.

ఆమె పద్ధతి ఇది. ప్రతి వస్తువుకూ రిజిస్టర్‌లో ఒక వరుస, ఆ వరుసలో 'చెప్పినవారు' అని ఒక గడి. వివరం రాశాక, వస్తువు ఇచ్చినవాళ్ళకు దాన్ని పైకి చదివి వినిపించాలి. వాళ్ళు సరేనన్నాకే అది ప్రింటింగుకు వెళ్ళాలి. కోయ మాట రాకపోతే వచ్చినవాళ్ళను వెంట తీసుకుపోవాలి. ఇందుకోసం మేము బస్సులెక్కాం, ట్రాక్టర్లెక్కాం, బస్సు లేనిచోట నడిచాం. ఒక పల్లెలో, విల్లు ఇచ్చిన ముసలాయన నేను రాసింది విని పడిపడి నవ్వాడు. "గిట్ల పట్టుకుంటే బాణం నీ ముక్కుకే తగుల్తది సారూ," అన్నాడు. ఎస్తేరు మేడమ్ అక్కడే నేల మీద కూర్చుని మార్చి రాసింది. తిరిగి వచ్చేటప్పుడు నేను ఉడుక్కుంటుంటే, "తప్పు నీ ముఖం మీద చెప్పిండు, అదృష్టవంతునివి. ఎనక చెప్పుకొనుంటే ఏం చేద్దువు?" అంది.

ఆమెతో నాకు రోజూ వాదమే. ఒకసారి అడిగేశాను: "మేడమ్, మీరు దేవుణ్ణి నమ్ముతారు కదా. ఆ వరుసలో 'చెప్పినవారు' గడి నింపారా?"

"ఆదివారం నా సొంతం. సోమవారం నుంచి శనివారం దాక రిజిస్టరుది," అంది. తడిగుడ్డ పిండుతూ, "నీకు ఏడు దినాలు ఆదివారమే లెక్కున్నది," అని చేర్చింది. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. దేవుణ్ణి నమ్మే మనిషి నాకు తర్కం నేర్పడమేమిటి? ఎన్ని సభల్లో ఎందర్ని ఓడించాను! ఆమె అన్నది నిజమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను దేన్ని నమ్మానో దాన్ని తెలిసినదిగా రాసేవాణ్ణి. ఆమె తెలిసినదాన్నే రాసేది. ఇద్దరిలో హేతువాది ఎవరో మీరే తేల్చండి.

మ్యూజియంలో మూడో గది తెరవడానికి ఒక పెద్ద అధికారి వస్తాడని కబురొచ్చింది. గోడలకు సున్నం తడి ఆరలేదు, అద్దాలు రాలేదు. అదే వారం ఒక సంతరోజు ముత్తమ్మ అనే ముసలావిడ ఒంటరిగా వచ్చింది. ఎవరూ అడగలేదు. మేము పాత వస్తువులను భద్రంగా దాస్తామని ఎక్కడో విని, తనంతట తాను పది మైళ్ళు నడిచి వచ్చింది. ఎస్తేరు మేడమ్ మీటింగుకని ఖమ్మం వెళ్ళింది. ముత్తమ్మ గుడ్డలో చుట్టిన కర్ర విప్పింది. చేతి పొడవు, నున్నగా అరిగింది, పొడుగునా సన్నటి గాట్లు. కొన్ని గాట్ల దగ్గర ఎర్రదారం కట్టి ఉంది. ఆమెకు తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. గాట్లు చూపించి, "పిల్లలు," అంది. ఎర్రదారాలు చూపించి, "పోయిండ్రు," అంది. ఆ తర్వాత కోయలో చాలాసేపు చెప్పింది. నేను తలూపుతూనే ఉన్నాను.

ఇంకేం కావాలి నాకు? గాట్లు, ఎర్రదారం, చచ్చిపోయిన పిల్లలు. చేతబడి నెపంతో మనుషుల్ని కొట్టి చంపుతున్నారని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ఆ మూఢత్వానికి సాక్ష్యం నడిచి వచ్చి నా బల్ల మీద వాలిందనుకున్నాను. కోయ తెలిసిన అటెండరు ఆ పూట సెలవు. మర్నాటిదాకా ఆగితే చాలు. ఆగలేదు. రాశాను: "చేతబడి కర్ర. దుష్టశక్తులను వశపరచుకోవడానికి మంత్రగత్తెలు దీనిమీద గాట్లు పెట్టి ఎర్రదారం కడతారు. ఇటువంటి మూఢనమ్మకాలే అడవి పల్లెల వెనుకబాటుకు మూలం." కింద పద్ధతి ప్రకారం ఇచ్చినవారి పేరు, ఊరు. 'చెప్పినవారు' గడిలో 'అందరికీ తెలిసినదే' అని నింపాను.

ఎస్తేరు మేడమ్ ఖమ్మం నుంచి చలిజ్వరంతో తిరిగి వచ్చింది. శాలువా కప్పుకుని, పళ్ళు టకటకలాడుతుంటే జాబితా మీద సంతకాలు పెడుతూ, "అన్నీ చదివి వినిపించినవా తమ్మీ?" అని అడిగింది.

"వినిపించిన మేడమ్," అన్నాను.

నా మాట మీద ఆమె చదవకుండా సంతకం పెట్టడం అదే మొదలు. అదే చివర. ప్రారంభం రోజు పూలదండలయ్యేదాకా నిలబడి, అటునుంచి అటే దవాఖానాలో చేరింది. ఆమె అక్కడున్న రోజుల్లోనే ఆశ్రమ పాఠశాల పిల్లలను మ్యూజియం చూడ్డానికి తీసుకొచ్చారు. ఆడపిల్లలు అద్దాల ముందు వరుసగా నిలబడి, వస్తువుల పక్కన పెట్టిన ప్రతి అట్టముక్కనూ అక్షరం పొల్లుపోకుండా నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. నేను గర్వంగా చూస్తూ నిలబడ్డాను. వాళ్ళలో ముత్తమ్మ ఊరి పిల్లలున్నారనీ, ఆదివారం ఇంటికెళ్ళి పుస్తకం తెరిచి గడపలో చదువుతారనీ నాకు తట్టలేదు.

ఎస్తేరు మేడమ్ మళ్ళీ పనిలోకి వచ్చిన రోజే ముత్తమ్మ కోడలు వచ్చింది. తెలుగు బాగా వచ్చు. నేరుగా మూడో గదిలోకి నడిచి, కర్ర ముందు ఆగి, "గిది రాసింది ఎవలు?" అంది. ఆ గొంతుకే మేమిద్దరం పరుగున వెళ్ళాం.

"ఏందమ్మా, ఏమైంది?" అంది ఎస్తేరు మేడమ్.

"ఏమైందా? మా అత్త ముప్పై ఏండ్ల సంది కాన్పులు చేస్తది. ఒక్కో గాటు ఒక్కో బిడ్డ. బతకని బిడ్డకు దారం కడ్తది, యాదికుండాలని. చూపు మందగించింది, చేతులు వణుకుతున్నయి, ఇగ నాతోటి కాదు, సర్కారోళ్ళ దగ్గర పదిలంగ ఉంటదని తెచ్చి ఇచ్చింది. మీరు మంత్రగత్తెను జేసిండ్రు." ఆమె అద్దం మీద అరచేత్తో కొట్టింది. "మా గడప తొక్కుతలేరు ఎవలు. ఆమె చేతుల మీద పుట్టినోళ్ళే పిల్లలను పక్కకు గుంజుకుంటున్నరు. ఒకామె బిడ్డ పోయిన్నెల పోయింది. ఇప్పుడు దానికి కారణం మా అత్తనేనంట. అబద్ధమంటే సర్కారోళ్ళే అచ్చేసిండ్రు గద అంటున్నరు."

ఎస్తేరు మేడమ్ అప్పుడు మొదటిసారి ఆ మూడు వాక్యాలు చదివింది. నా వైపు తిరగలేదు. "నేనే రాసిన బిడ్డా. తప్పు నాదే," అంది. అక్కడే అద్దం తెరిచి అట్టముక్క తీసి రెండుగా చింపింది. నేను ఆమె వెనక నిలబడ్డాను. నోరుంది నాకు, ఊళ్ళు దద్దరిల్లేలా మాట్లాడే నోరు. అది తెరుచుకోలేదు.

మర్నాడే ముత్తమ్మ ఊరికి వెళ్ళాం. దారిలో ఎస్తేరు మేడమ్ ఒక్కటే మాట చెప్పింది. "ఉపన్యాసం ఇయ్యకు. రాసింది తప్పు, అడగకుండ రాసిన అని చెప్పు. చాలు." కోడలు చెప్పిందంతా కొత్త వివరంగా రాసుకుని, ఊరందరి ముందు ఎస్తేరు మేడమ్ చదివింది. అటెండరు కోయలో చెప్పాడు. అందరూ విన్నారు. ఒకాయన చుట్ట తీసి ఉమ్మి, "మొన్నటిది అబద్ధమైతే గిది నిజమని ఎట్ల నమ్మాలె?" అన్నాడు. అందరూ నావైపు చూశారు, చదువుకున్నవాడిలా ఉన్నాననేమో. నేను ఒప్పుకోవాల్సిన సమయం అదే. నేను లేచి ఏం చేశానో తెలుసా? చేతబడి లేదని, శాస్త్రం ఒప్పుకోదని, బిడ్డలు జబ్బులతో పోతారని పావుగంట మాట్లాడాను. ప్రతి మాటా నిజమే. ఆ అక్షరాలు నావని మాత్రం చెప్పలేదు. వాళ్ళకు కావాల్సింది ఆ ఒక్క నిజం. నేను పావుగంట వేరే నిజాలు చెప్పాను. ముత్తమ్మ గుడిసె వసారాలో కూర్చుని, అర్థం కాని మాటలకు తలూపుతూనే ఉంది, ఆ రోజు నా బల్ల ముందు నేను తలూపినట్టే.

తిరుగు బస్సులో చాలాదూరం వచ్చాక ఎస్తేరు మేడమ్ అంది: "నాకు అబద్ధం చెప్పినవ్, పోనీ. నేను పెద్దదాన్ని, నా సంగతి నేను చూసుకుంట. ఆ ముసలామె గురించి చెప్పినవ్ చూడు, గదే నేను మర్చిపోలేను."

"మరి మీరెందుకు మీ మీద వేసుకున్నారు మేడమ్?"

"సంతకం నాది కాదా?"

అంతే. ఆ వేసవి రాకముందే ముత్తమ్మను పెద్దకూతురు నది అవతలి పల్లెకు తీసుకుపోయిందని తెలిసింది. మేము తిరిగి పంపిన కర్రను ఆమె ముట్టుకోలేదట, కోడలు చెప్పింది. ముప్పై ఏళ్ళ పుట్టుకలు రాసిపెట్టుకున్న మనిషి చివరి రోజులు తన చేతుల మీద ఒక్కరూ పుట్టని ఊళ్ళో గడిపింది. మంత్రగత్తెలు లేరని లోకానికి చాటడానికి బయలుదేరి నేనే ఒక మంత్రగత్తెను తయారు చేశాను. ఏ పూజారీ, ఏ భూతవైద్యుడూ అంత సులువుగా చేయలేడు. వాళ్ళ మాటకు అచ్చు ఉండదు, సర్కారు ముద్ర ఉండదు. ఎస్తేరు మేడమ్‌ను సంజాయిషీ అడిగారు, తర్వాత మ్యూజియం నుంచి తప్పించి ఎక్కడో కాగితాల గదిలో కూర్చోబెట్టారు. రిటైరై తల్లాడ చేరాక రెండుసార్లు చూడ్డానికి వెళ్ళాను. టీ ఇచ్చింది, నా వ్యాసాలు చదువుతున్నానంది, "ఇప్పుడు అడిగి రాస్తున్నవా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. అది నిజమే. కానీ ఆ ఊరికి వెళ్ళి "రాసింది ఆమె కాదు, నేను" అని చెప్పొస్తానని అనలేదు. వెళ్తానని బయలుదేరి కొత్తగూడెంలో బస్సు దిగి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆ మూడు వాక్యాలు శిలువ వేసుకున్న మేడమ్ రాసినవే.

ఈ ముప్పు మా ఒక్క మ్యూజియంలోదే అనుకోకండి. ఊరి పనిముట్టు అద్దం వెనక్కి వెళ్ళిన ప్రతిచోటా ఎవడో ఒకడు తొందరలో ఉంటాడు, బోలెడు నమ్మకంతో ఉంటాడు. వాడు చెడ్డవాడు కానక్కరలేదు, నాలాగా మంచి ఉద్దేశం ఉన్నవాడైతే చాలు. అందుకే అడుగుతున్నాను, కాదు, గట్టిగా చెబుతున్నాను. మీ జిల్లాలో మ్యూజియం ఉంటే వెళ్ళండి. ఒంటరిగా కాదు, అక్కడున్న పనిముట్టు వాడిన చేతుల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. బస్సు ఛార్జీ మీరే పెట్టుకోండి. అద్దం ముందు నిలబెట్టి, అక్కడ రాసి ఉన్నది వాళ్ళ భాషలో పైకి చదివి వినిపించండి. వాళ్ళు తల అడ్డంగా ఊపారా, ఆ అట్టముక్క దిగేదాకా అక్కణ్ణించి కదలకండి. వాళ్ళు బతికుండగానే వెళ్ళండి.