ఈశాన్యంలో మరుగుదొడ్డి

ఆ యేడు మా బడిలో పదో తరగతి ఫలితాలు బాగా పడిపోయాయి. ఎందుకు పడిపోయాయో స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు. లెక్కల సారు బదిలీ మీద పోయాక ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. పత్తి ఏరే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ. కానీ మా హెడ్మాస్టరుగారికి ఈ కారణాలు మరీ మామూలుగా కనిపించినట్టున్నాయి. ఆయన వనపర్తి నుంచి ఒక సిద్ధాంతిని పిలిపించారు.

మా బడి ఉన్న ఊరు వీపనగండ్ల పోయే దారిలో ఉంది. రోడ్డు ఏటవాలుగా పోతుంది, బడి స్థలం కూడా దానితోపాటే మూలకు తిరిగి ఉంటుంది, అందుకే అక్కడ ఏది ఏ దిక్కో ఎవరూ గట్టిగా చెప్పలేరు. సిద్ధాంతి సెల్‌ఫోన్ తొడుగు మూత తెరిచి, అందులో దిక్కులు చూపే ముల్లును చూసుకుంటూ ప్రహరీ చుట్టూ తిరిగాడు. ఆడపిల్లల మరుగుదొడ్ల దగ్గర ఆగి నాలుక కరుచుకున్నాడు. దేవుడి మూలలో దొడ్డి కట్టుకున్న బడిలో సరస్వతి ఎట్లా నిలుస్తుందని అడిగాడు. మర్నాటికి తాళం పడింది. కొత్తవి కట్టేదాకేనన్నారు. కొత్తవాటికి మంజూరు ఎప్పుడొస్తుందో ఆ ముల్లు చూపించలేదు.

టీచర్ల మరుగుదొడ్డి మాత్రం నైరుతిలో ఉందట, దోషం లేదట. శాస్త్రానికి మా మీద ఎంత దయో!

నేను భౌతికశాస్త్రం చెబుతాను. నోరు కాస్త పెద్దది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది సార్, లెక్కల టీచరు లేకపోతే దొడ్డేం చేస్తుందని అందరి ముందే అనేశాను. అప్పటినుంచి నాకు నాస్తికురాలని పేరు. నిజానికి నాకు దేవుడితో ఏ పేచీ లేదు. మాది గద్వాలలో మగ్గం ఇల్లు. మా నాయన మగ్గం గుంటలో కాలు పెట్టే ముందు రోజూ దానికి మొక్కేవాడు. ఆ మొక్కుతో ఎవరి పనీ ఆగలేదు, ఎవరి నోరూ ఎండలేదు. మొక్కు మనిషి లోపల ఉన్నంతవరకు నాకు ముద్దే. అది తాళంకప్పగా మారి ఆడపిల్లల దారికి అడ్డం పడితేనే నా ఒళ్లు మండుతుంది.

హెడ్మాస్టరుగారు చెడ్డవారు కాదు. సాయంత్రాలు ఉండి వెనకబడిన పిల్లలకు తనే చదువు చెప్పేవారు. నన్ను లోపలికి పిలిచి, "నమ్మకం ఉన్నోల్లకు ఉంటది, లేనోల్లకు లేదు మేడం. పిల్లల రిజల్టు మీద మాత్రం నేను రిస్కు తీస్కోలేను" అన్నారు. ఆయన గొంతులో భయం వినిపించింది. భయపడ్డవాడితో వాదన చెవిటివాడి ముందు శంఖమే.

పై అధికారికి చెబుదామని జిల్లా ఆఫీసుకు పోయాను. ఆయన గది ముందు తలుపుకి అడ్డంగా బీరువా పెట్టారు. వెనక అటెండరు గదిలోంచి రమ్మన్నారు. కుర్చీ తూర్పుకి తిప్పుకుని కూర్చున్న ఆ పెద్దసారు అంతా ఓపిగ్గా విని, ఇది సెంటిమెంటు విషయమమ్మా, కొంచెం సర్దుకుపొమ్మన్నారు. వచ్చిన దారినే, అటెండరు గదిలోంచే, బయటికొచ్చాను.

ఊళ్లోని పిల్లలు మధ్యాహ్నం బెల్లుకు ఇళ్లకు పరుగెత్తేవారు. పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చే ఒక పదో తరగతి పిల్లకి ఆ వీలు లేదు. నా క్లాసులో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఆ పిల్లే. నీళ్లు తాగడం మానేసింది. తెచ్చుకున్న సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి పోయేది. కొన్నాళ్లకు మంట, జ్వరం, దవాఖాన. డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు. దాంతో ఆ పిల్ల బడికి రావడమే మానేసింది.

ఇంటికి పోయి వాళ్లమ్మతో పోట్లాడాను. పరీక్షలు దగ్గరకొచ్చాయని, ఇప్పుడు ఆగితే చదువు ఆగిపోయినట్టేనని అన్నాను. ఆమె నా మీద కోపగించుకోలేదు, మంచినీళ్ల చెంబు చేతికిచ్చింది.

"ఈడొచ్చిన పిల్ల మేడం. బడిల యాడికి పోతది? నా ఎంబడి పత్తేరనీకి వస్తే చేన్ల చాటన్న ఉంటది" అంది.

సర్కారు బడి కంటే పత్తిచేను ఆడపిల్లకు నయమని ఒక తల్లి లెక్క తేల్చింది, ఆ లెక్కలో తప్పేమీ కనబడలేదు. బస్సులో నేనుండే వనపర్తికి వస్తూ కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆ వారంలోనే అయస్కాంతాల పాఠం చెబుతున్నాను. ల్యాబు పెట్టెలోంచి దిక్సూచి తీసి బల్ల మీద పెడితే ముల్లు ఎటో పోయి నిలబడింది. చూస్తే పక్కన నా ఫోను, మడిచి మూసే తొడుగుతో. ఆ తొడుగుకు అయస్కాంతం బొత్తం. సిద్ధాంతి ఫోనుకూ అలాంటి తొడుగే! పాఠం ఆపి, దిక్సూచి పట్టుకుని మరుగుదొడ్ల దగ్గరికి నడిచాను. ఆ మూల ఈశాన్యం కానే కాదు, ఉత్తరం దాటి వాయవ్యంలోకి పడింది.

హెడ్మాస్టరుగారి ముందు తొడుగు పెట్టి, తీసి, ముల్లు తిరగడం చూపించాను. ఆయన ముఖంలో వెలుగు చూడాలి! వెంటనే సిద్ధాంతికి ఫోను చేశారు. వాయవ్యమైతే మరుగుదొడ్డికి అంతకన్నా మంచి చోటే లేదని సిద్ధాంతి ఏమాత్రం తొణక్కుండా సెలవిచ్చాడు. తాళం తీశారు. తీసేముందు గడపకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. మరుగుదొడ్డి ముందు చేతులు జోడించి నిలబడ్డ సిబ్బందిలో నేనూ ఉన్నాను.

నా పేరు ఊళ్లో మారిపోయింది. నాస్తికురాలు పోయి వాస్తు మేడం వచ్చింది. బోరు ఎక్కడ వేయాలి, పొయ్యి ఎటు తిప్పాలి, జర వచ్చి మీ ముల్లు పెట్టి చూడండని కబుర్లు. హెడ్మాస్టరుగారైతే నాగర్‌కర్నూల్‌లో కొన్న ప్లాటుకు ఆదివారం రమ్మన్నారు. తలనొప్పని తప్పించుకున్నాను. లోపల మాత్రం గర్వంగానే ఉండేది. మూఢనమ్మకాన్ని సైన్సుతో గెలిచానని చెల్లెలికి ఫోనులో గొప్పలు చెప్పుకున్నాను.

కబురంపితే ఆ పిల్ల తిరిగి వచ్చింది. చిక్కిపోయింది, కానీ నీళ్ల సీసా సగానికి పైగా ఖాళీ అయింది. ఇంటర్వెల్లులో నా దగ్గరికొచ్చి, తాళం ఎట్లా తీయించారో చెప్పమంది. ముల్లు, తొడుగు, వాయవ్యం, అంతా ఉత్సాహంగా చెప్పాను. శ్రద్ధగా వింది. ఎత్తిపొడుపేం లేదు, క్లాసులో డౌటు అడిగినట్టే అడిగింది.

"మేడం, ఒగవేళ అది నిజంగనే ఈశాన్యం అయితే తాళం గట్లనే ఉంటుండెనా?"

బెల్లయిందని చెప్పి క్లాసుకు పొమ్మన్నాను. బెల్లు ఇంకా కొట్టలేదు.