సంత్రాగాఛిలో జామచెట్లు

పలాసలో సాయంత్రం ఐదుకి రైలెక్కి, తెల్లారి ఆరింటికి సంత్రాగాఛిలో దిగాను. హౌరా దాకా పోకుండా ఇక్కడ దిగడమే సుఖం. రిక్షావాడు ఐదు రూపాయలకి చిన్నమ్మ ఇంటికి చేర్చాడు. దారంతా పొగమంచు, గోడల మీద ఎర్రజెండా బొమ్మలు తప్ప ఏమీ కనబడలేదు.

చిన్నమ్మే రమ్మని కబురంపింది. ఇంటి వెనక మూతపడ్డ ఇటుకబట్టీ నేలలో, ఎవరూ నాటకుండానే, ఇరవై ఏళ్లలో అడవి లేచింది. ఓడరేవులో పనిచేసే చిన్నాన్న పోయాక, ఆ అడవిలో ఏరిన ఆకూ గింజా అమ్ముకునే బతుకుతోంది ఆవిడ. ఇప్పుడక్కడ గోదాములు కడతారట. పనికొచ్చే చెట్లు మాత్రం ఉంచుతానని మేస్త్రీ మాటిచ్చాడు.

“పదింటికల్లా ఆ సెట్ల పేర్లు ఇంగిలీసులో రాసియ్యాలట నాయనా. మా ఇంట్లో అంత సదువు ఎవులికుంది?”

టీ తాగుతూ ఆవిడ చెబుతుంటే రాశాను. వేప, కానుగ, మారేడు, ఉసిరి.

“జాం సెట్లు మరిసిపోకు. పదారున్నాయి. సుగరోల్లకి నాను ఇచ్చే మందు అదే. మిగిలినయ్యి పోయినా అయ్యి ఉంటే సాలు.”

‘గువావా’ అని రాసి కింద గీత కూడా గీశాను. జామాకు చక్కెర జబ్బుకి వాడతారని ఎక్కడో విన్నాను. పాతికేళ్లు ఇంగ్లీషు చెప్పిన పంతుల్ని, మళ్లీ అడగాలని తోచలేదు.

మేస్త్రీ “ఠీక్ ఆఛే, దాదా” అని కాగితం జేబులో పెట్టుకున్నాడు. పన్నెండుకి గొడ్డళ్ల చప్పుడు మొదలైంది. చేపల పులుసుతో భోంచేసి మూడింటికి వెళ్లాం. మంచు విడిపోయింది. కొట్టకూడదన్న గుర్తుగా వేపలకీ కానుగలకీ సున్నం పట్టీలు వేశారు. వాటి మధ్య నేరేడు మానులు నేలకూలి ఉన్నాయి.

“నేరేళ్లు కొట్టేశారేం?” అన్నాను.

“నేరేడేటి? అయ్యే జాం సెట్లు.”

బెంగాలీలో నేరేడునే జాం అంటారు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్న చిన్నమ్మ నోట అదే మాట. గువావా చెట్టు ఒక్కటీ దొరకలేదని మేస్త్రీ నా కాగితమే చూపించాడు. ఆవిడ మొద్దు మీద కూర్చుండిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు రెండున్నరకి బండి. మా అమ్మకి కూడా సుగరే. చిన్నమ్మ నేరేడుగింజల పొడి పొట్లం చేతిలో పెట్టి, “అక్కకియ్యి. అయిపోతే ఉత్తరం...” అనబోయి ఆగిపోయింది.

ఖరగ్‌పూర్‌లో జామకాయలవాడు ఎక్కాడు. పక్కసీటాయన సగం కాయకి ఉప్పద్ది ఇవ్వబోతే వద్దన్నాను. అటు వెళ్లేవారికి ఒకటే చెప్పగలను: చెట్టు పేరు విని రాయకండి, వెళ్లి చూసి రాయండి. పొట్లం అమ్మకి రెండు నెలలొస్తుంది. ఆ తర్వాత అమ్మకి ఈ పొడి లేదు, చిన్నమ్మకి బతుకుతెరువు లేదు.