వెనక పాయ దగ్గర పాతిన కర్ర

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేసే మనిషిని నేను. అమలాపురంలో సమాధుల తోట పక్కన రెండేళ్లు ఒక్కదాన్నే అద్దెకున్నాను. ఒక్క రాత్రి కూడా నిద్ర చెడలేదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వడం వాళ్ల వంతవుతుంది.

నేను గ్రామ సచివాలయంలో పనిచేస్తాను. గోదావరికి వరదొస్తే నది మధ్యనున్న లంకలకు పడవ మీద వెళ్లి, మైకులో చెప్పి, జనాన్ని ఏటిగట్టు మీది బడికి చేర్చడం నా పని. ఫోన్లకు మెసేజీలు వెళతాయి గానీ, కరెంటు పోతే లంకలో ఫోన్లూ పోతాయి.

ఒక వరద రోజు మధ్యాహ్నం వెళ్లిన లంకలో ముప్పై ఇళ్లు. పొద్దుగూకితే ఏటి సుడుల్లో పడవ తిప్పలేనని నడిపే ఆయన ముందే చెప్పేశారు. గొంతు పోయేలా అరిచాను. ఎవరూ కదలలేదు. లంకవాళ్లకు మైకు కంటే కర్ర మీద గురి. నీటి అంచున కర్ర పాతి, అది మునిగితేనే సామాన్లు సర్దుతారు.

"కర్ర ఇంకా మునగలేదండి మేడంగారూ. గోదారి మాకు కొత్తేటండి?" అన్నారు మొదటి ఇంటి మంగమ్మగారు.

ఆ తర్వాత ఒక్కో తలుపూ మూసుకుంది. మైకు పట్టుకుని వీధి మధ్యలో నిలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. వీళ్లకేమైనా అయితే అది నేను బతికినన్నాళ్లూ మోయాలనిపించింది.

మొహం కడుక్కుందామని ఇళ్ల వెనక్కి నడిచాను. అటు ఒక సన్నటి పాయ ఉంది, వేసవిలో ఎండిపోతుంది. అక్కడొక పెద్దాయన కర్ర పీకి, నాలుగడుగులు వెనక్కొచ్చి మళ్లీ పాతుతున్నారు. కర్ర చివర ఎర్ర గుడ్డ పీలిక. నీళ్లు చూస్తుండగానే కర్ర వైపు జరుగుతున్నాయి.

"తాతగారూ, పడవ ఉంది, వచ్చేయండి" అన్నాను.

"ఆయ్" అన్నారు, తల తిప్పకుండానే. ఆ రోజంతా నా మాటకు సరేనన్నది ఆయనొక్కరే.

దగ్గరికెళ్లి కర్ర వరకే ఫోటో తీసి, పరిగెత్తి మంగమ్మగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అప్పటికి ఆయన లేరు. కర్ర సగం మునిగి ఉంది. ఆవిడ ఆ పీలిక వైపు చూసి గబుక్కున వెనక్కి తిరిగారు. వీధిలోకి పరిగెత్తి, "ఎనక నుంచి వచ్చేత్తందర్రా, లెగండి!" అని కేకలేశారు.

అంతవరకూ ఊరంతా ముందు వైపు కర్రనే చూస్తూ కూర్చుంది. మూడు దఫాలుగా అందరినీ గట్టుకు చేర్చాం. ఆ రాత్రి ఆ వీధిలో నిలువెత్తు నీరు పారింది.

ఆఖరి దఫాలో తలలు లెక్కపెడుతూ, వెనక కర్ర పాతిన పెద్దాయన ఎక్కారా అని మంగమ్మగారిని అడిగాను.

"ఎనక కర్ర పాతేది మా మాంగారొక్కరేనండి. నా పాత చీర చింపి కట్టేవోరు. జొరంతో పోయి ఏడాదైందండి. ఆయన పోయాకా అటేపు ఎవరూ సూట్లేదండి."

ఎవరో పాతి ఉంటారని వాదించాను. బడిలో ప్రతి కుటుంబాన్నీ అడిగాను. పాతినవాళ్లెవరూ లేరు. తెల్లారాక ఫోటో పెద్దది చేసి చూశాను. బురదలో నా చెప్పుల అచ్చులు తప్ప మరో అడుగు లేదు.

నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే నన్ను బాధపెట్టేది అది కాదు. వచ్చేయమన్నాను, ఆయన "ఆయ్" అన్నారు, మేమందరం వచ్చేశాం. ఆయనొక్కరే అక్కడ ఉండిపోయారు.

ఇప్పుడు వరదొచ్చినప్పుడల్లా, లంక మొత్తం ఖాళీ అయ్యాక, వెనక పాయ దగ్గరికి వెళ్లి పడవ ఉంది, వచ్చేయమని మైకులో ఇంకొక్కసారి చెబుతాను. పడవ నడిపే ఆయన ఎందుకని అడగరు. ఇంజను వెయ్యకుండా కాసేపు ఆగుతారు.