మూకుడు కింద వెలుగు

మొన్న ఇల్లు సర్దుతుంటే నా పాత జామెట్రీ బాక్సులో జానెడు మెగ్నీషియం రిబ్బన్ దొరికింది. బూడిద రంగుకు తిరిగి, ఎవరికీ పనికిరానట్టు పడి ఉంది. పోలికలు నేను చెప్పను, మా ఇంట్లో చెప్పేవాళ్లున్నారు.

కోడుమూరులో పదో తరగతి మేమిద్దరం, నేనూ మా పెదనాన్న కొడుకూ. నాకన్నా మూడు నెలలు ముందు పుట్టిన పుణ్యానికి వాణ్ణి అన్నా అని పిలవాలి. తనిఖీకి వచ్చే అధికారి ముందు రిబ్బన్ కాల్చే పని సైన్స్ సారు వాడికిచ్చాడు. సాండ్‌పేపరుతో దాన్ని రుద్ది మెరిపించే పని నాకు. బాగా చేసినవాణ్ణి కర్నూలు ప్రదర్శనకు పంపుతారట. ఆ ఆదివారం చర్చిలో పెద్దమ్మ లేచి, కొడుకు పట్టుకారు పట్టబోతున్నందుకు దేవునికి కృతజ్ఞత చెప్పింది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను, పళ్ల మధ్య నుంచి.

మరుసటి రోజు రుద్దుతూ రుద్దుతూ రిబ్బన్ చుట్టలోంచి రెండు జానల ముక్క కత్తిరించి జేబులో వేసుకున్నాను. వాడికంటే ముందు నేను కాల్చాలి, అంతే. ఇంట్లో సగం ముక్క అంటించి ఇనుప మూకుట్లో వేశాను. కళ్లు చెదిరే తెల్లటి వెలుగు. దొంగ సొత్తు గదా, బయటికి కనపడుతుందని పైన ఇంకో మూకుడు బోర్లించాను. చల్లారినాక మా జేజి, అంటే మా నాన్న తల్లి, దాన్ని కడగబోయి నీళ్లు పోసింది.

“ఏం కాల్చినావురా, మేకల దొడ్డి కంపు కొడతాండాది,” అని ముక్కు మూసుకుంది.

తనిఖీ రోజు అన్న చక్కగా కాల్చాడు. తెల్ల బూడిదలో ఏముందని అధికారి అడిగితే మెగ్నీషియం ఆక్సైడ్ అన్నాడు. ఇంకేమీ లేదా అన్నాడాయన. వాడు మొదటిసారి నీళ్లు నమిలాడు. ఆ సుఖం ఆపుకోలేక నేను లేచాను.

“ఉండాది సార్. నీళ్లు పోస్తే మేకల దొడ్డి వాసన వస్తాది.”

క్లాసంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. గాలి సరిగా ఆడకపోతే అది నత్రజనితోనూ కలిసి నైట్రైడ్ అవుతుందనీ, దానికి నీళ్లు తగిలితే అమ్మోనియా వస్తుందనీ చెప్పి, నీకెట్లా తెలుసని అడిగాడు. మా సారు చూపు తరిగిపోయిన చుట్ట మీదికి పోయింది.

“నేనే కోసిచ్చినా సార్, ఇంటికాడ చేసి చూడమని,” అన్నాడు అన్న.

అడక్కుండా సామాను ఇచ్చినందుకు వాడి పేరు కొట్టేసి కర్నూలుకు నన్ను పంపారు. బస్సెక్కించడానికి కూడా వాడే వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, “బూడిద మీద నీళ్లు మెల్లగా పొయ్యి అప్పా,” అన్నాడు. ఆ ఆదివారం పెద్దమ్మ మళ్లీ లేచి, ఈసారి నా పేరున కృతజ్ఞత చెప్పింది. కుళ్లుకోవడానికి ఒక్క కారణమన్నా మిగల్చని కుటుంబం అది. కర్నూలులో నాకు ప్రైజు రాలేదు, కనీసం ఆ బాధన్నా సొంతంగా దక్కింది.

వాడిప్పుడు ఆ కర్నూలులోనే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాడు. దొరికిన ముక్కను వాడికిద్దామని సాండ్‌పేపరుతో రుద్దాను. రెండు రుద్దులకే కొత్తదానిలా మెరిసింది. ఇన్నేళ్ల బూడిద రంగు కూడా దానికి పైపైనే పట్టింది, నా కుళ్లుకు పట్టినట్టే; లోపల రెండూ కొత్తవే.