ఆవిడ నాలుగు రోజులు, నా రెండు రోజులు

మొన్న నూజివీడు బజారులో ఒక వాచీల దుకాణం ముందు నిలబడితే, చెమట పట్టిన తోలుపట్టీ వాసన ముక్కుకు తగిలింది. నా ఎడమ మణికట్టు మీదికి చెయ్యి దానంతటదే పోయింది. పంతొమ్మిదివందల అరవైల మొదట్లో రెండు రోజులపాటు అక్కడ నాది కాని బంగారు గడియారం ఉండేది. అది రామనమ్మ పిన్నిగారిది.

ముసునూరులో మాది వారి పక్కిల్లు. భర్త పోయాక మామిడితోట ఆవిడే చూసుకునేవారు. బి.ఏ. చదివి ఉద్యోగం లేక తిరుగుతున్న నాచేత ఉత్తరాలు రాయించుకుంటూ, ప్రతి విషయానికీ "నువ్వేమంటావు అబ్బాయ్?" అని అడిగేవారు. ఊళ్లో నా మాటకు విలువిచ్చిన మనిషి ఆవిడ ఒక్కరే.

ఆ వేసవిలో కాయ కోస్తూ కూలీ వెంకన్న చెట్టు మీంచి పడ్డాడు. నాటుకట్టుతో కాలి వాపు తగ్గలేదు. బెజవాడలో ఆపరేషన్ చేయించాలన్నారు. పిన్నిగారి చేతిలో డబ్బు లేదు. ఉన్నదల్లా భర్త గడియారం. స్విట్జర్లాండులో అలాంటివి కొన్నే చేశారట. పాత గడియారాలు పోగుచేసే బెజవాడ షావుకారు ఒకాయన దానికోసం ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. ఆవిడ నాలుగు రోజులు దాన్ని పెట్టెలోంచి తీయడం, మళ్లీ పెట్టడం. ఐదో రోజు పొద్దున్నే నా చేతిలో పెట్టి, "ఇది లేకపోతే ఏం పోయింది? వాడు నడవకపోతే వాళ్ల ఇల్లు గడవదు. ఇవాళే అమ్ముకురా" అన్నారు.

నేను బెజవాడ దారిలో హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. "షావుకారు ఊళ్లో లేడటండీ, ఎల్లుండి రమ్మన్నారు" అని అబద్ధమాడాను. మర్నాడు విస్సన్నపేటలో నాకు పెళ్లిచూపులు. చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాను. పిల్ల తండ్రి రెండుసార్లు టైమడిగాడు. రెండుసార్లూ సంబరంగా చెప్పాను. ఆ తర్వాతి రోజు వెళ్లి గడియారం అమ్మాను. ఆపరేషన్ అయ్యింది గానీ, "ఇంకాస్త ముందు తెచ్చుంటే కాలు చక్కగా కుదిరేది" అన్నారు డాక్టరుగారు.

నెల తిరిగాక పిల్ల తండ్రి నా గురించి విచారించడానికి పిన్నిగారింటికే వచ్చాడు. "అబ్బాయి గడియారం చాలా బాగుందండీ" అన్నాడు. ఆవిడ, "అది నాదండీ. అమ్మిపెట్టమని ఇచ్చాను" అన్నారు. ఆ సంబంధం అంతటితో సరి. ఆయన వెళ్లాక పిన్నిగారు నన్ను తిట్టలేదు. "అమ్మాలా వద్దా అని నాలుగు రోజులు తాత్సారం చేశాను. అవి నావి. తర్వాత రెండు రోజులూ నీవి. పద, వాడితో చెబుదాం" అన్నారు.

వెంకన్న గుడిసె ముందు చాప మీద కూర్చుని, "వస్తువు మీద మమకారం చంపుకోలేక ఆలస్యం చేశానురా. నీ కాలు అందుకే వంకరైంది" అన్నారు.

"అంత మాటెందుకండమ్మగారూ. మీరు లేకపోతే నాకు కాలే లేదు గదండీ" అన్నాడు వెంకన్న.

పిన్నిగారు నా వైపు చూశారు. వెంకన్న భార్య నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు తిరిగిచ్చాను. పిన్నిగారు లేచారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ రెండు రోజుల మాట ఎత్తలేదు, నన్ను ఏ విషయమూ అడగనూ లేదు.

తర్వాత ఉద్యోగంలో నా వల్ల పొరపాటు జరిగితే, ఎవరూ అడగకముందే నాదని చెప్పడం అలవాటు చేసుకున్నాను. అది ఆవిడ నేర్పిందే. వెంకన్నకు మాత్రం చెప్పలేకపోయాను. ఏటా వేసవిలో కుంటుకుంటూ వచ్చి చిన్నరసాల బుట్ట దించేవాడు. "బెజవాడ పోయి డబ్బు తెచ్చింది తమరే గదండీ" అనేవాడు. అతను పోయేదాకా ఆ పళ్లు తీసుకున్నాను. తిన్నాను కూడా.